పాపకు దక్కని పేరు

మా ముత్తాతకు స్కాట్లాండులో పెళ్ళాం లేదు. పిల్లలూ లేరు. ఉన్నారని మా బంధువులందరికీ చాటినవాణ్ణి నేనే. లేరని ఇప్పుడు మొత్తుకుంటుంటే ఎవరూ చెవిన పెట్టడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. శాంతంగా రాయడం నా వల్ల కాదు.

ఆయన మా అమ్మమ్మకు తండ్రి. మా విజయనగరం వైపు జూట్ మిల్లులో యంత్రాలు చూసుకోవడానికి స్కాట్లాండులోని డండీ అనే ఊరి నుంచి వచ్చాడు. మా తాతమ్మ అదే మిల్లులో గోనెసంచులు కుట్టేది. ఆమె పుట్టింటి వాకిట్లో, వాళ్ళవాళ్ళందరి ఎదుట ఆయన పుస్తె కట్టాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఒక్కతే కూతురు. ఆ పిల్లకు సరిగ్గా మాటలు రాకముందే ఆయన జ్వరంతో పోయాడు. ఆ పిల్లే మా అమ్మమ్మ. ఆమెది ఒక తెల్లవాళ్ళ పేరు, చివర 'అమ్మ' తగిలించి. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఊళ్ళోవాళ్ళు నోరు తిరగక దాన్ని నానా రకాలుగా విరిచేవారు. సరిగ్గా పిలిచేదాకా అమ్మమ్మ పలికేది కాదు.

అమ్మమ్మకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె మా అమ్మ, ఇప్పుడు లేదు. రెండో ఆమె పిన్ని. పిన్ని ఇక్కడే దోహాలో, అబూ హమూర్‌లో కూతురి దగ్గర ఉంటుంది. నా భార్యాపిల్లలు వైజాగ్‌లో. నేను ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మరో ముగ్గురితో ఒక ఫ్లాటు పంచుకుంటూ, శుక్రవారం మాత్రం పిన్ని చేతి భోజనం తింటూ ఏళ్ళు గడిపాను.

పిన్ని కూతురికి, అంటే నా చెల్లెలికి, రెండో ఆడపిల్ల పుట్టింది. మొదటి పిల్లకు వాళ్ళ నాయనమ్మ పేరు పెట్టారు. ఇప్పుడు వంతు మాది. తన తల్లి పేరు పెట్టాలని పిన్ని కోరిక. చెల్లెలు సరేనంది. బావ కూడా "పాత పేర్లే ఇప్పుడు ఫ్యాషనండీ" అని ఒప్పుకున్నాడు.

"ఒరే, నువ్వు ఆఫీసులో కాయితాలు చూసీవోడివే కదా," అంది పిన్ని ఆ శుక్రవారం, నా కంచంలో చారు పోస్తూ. "మా అమ్మకి ఆ పేరు ఎవులు పెట్టారో, ఎందుకు పెట్టారో కాస్త వెతుకు. రేపు పిల్ల పెద్దదై అడిగితే ఏటి చెప్పాల?"

ఆమె అడిగింది అంతే. పేరు గురించి. పెళ్ళి గురించి కాదు.

నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ని. సంతకం లేని డ్రాయింగును సైటుకు పోనివ్వను. రోజంతా అదే నా డ్యూటీ. ఇంజినీర్లు ఎంత విసుక్కున్నా "సంతకం మాఫీ, డ్రాయింగ్ మాఫీ" అని తిప్పి పంపిస్తాను; మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో 'లేదు' అని. అలాంటివాణ్ణి, మా తాతమ్మ విషయంలో ఏం చేశానో చూడండి.

స్కాట్లాండు వాళ్ళ పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. పేరు, ఊరు, సంవత్సరం చూపించే జాబితా ఉచితం. అసలు పేజీ ఫొటో తెరవాలంటే మాత్రం క్రెడిట్లు కొనాలి. తండ్రి ఏం పని చేసేవాడు, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి, రిజిస్టరులో ఎవరు సంతకం పెట్టారు, ఇవన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. ఆ ఏడాది మా కంపెనీలో జీతాలు కోశారు, ఇంటి దగ్గర అబ్బాయి ఇంజినీరింగు ఫీజు ఉంది. ఉచితంగా దొరికినదానితోనే పని కానివ్వాలనుకున్నాను. ఒక్కో పేజీ ఖరీదు మా వీధిలో దొరికే బిర్యానీ కన్నా తక్కువ. బిర్యానీ మానలేదు.

ముషైరిబ్ మెట్రోలో వెళ్తూ వస్తూ ఫోనులోనే వెతికాను. ఉచిత జాబితాలో ముత్తాత పేరు దొరికింది. డండీలో అదే పేరున్న మనిషికి పెళ్ళయినట్టుంది. పంతొమ్మిది వందల ఇరవైల్లో పిల్లలు పుట్టినట్టుంది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు పెట్టుకున్న వంశవృక్షంలో అదే మనిషి, అదే భార్య, పక్కన 'ఇండియా వెళ్ళాడు' అన్న ముక్క. నాకింకేం కావాలి?

అయితే ఆ ఇరవైల్లో ఆయన మన మిల్లులో ఉన్నాడు కదా, డండీలో పిల్లలెలా పుట్టారు? ఈ ప్రశ్న నాకు రాకపోలేదు. వచ్చింది. దానికి జవాబు కూడా నేనే చెప్పుకున్నాను: లీవుకు వెళ్ళొచ్చి ఉంటాడు.

గల్ఫులో ఇన్నేళ్ళు బతికినవాడికి అంతకన్నా ఏం తోస్తుంది? మేమంతా లీవుకు వెళ్తాం, వస్తాం, తరవాత ఇంటి దగ్గర నుంచి కబురొస్తుంది. నా ఇద్దరు పిల్లలూ అలా పుట్టినవాళ్ళే. ఆ స్కాట్లాండు మెకానిక్కుని మాలాంటి గల్ఫు మనిషిలాగా చూశాను. ఓడల కాలంలో అతనికి ఏడాదికో లీవు, రానూపోనూ టికెట్టు నేనే మంజూరు చేశాను. ఇంటి దగ్గర పెళ్ళాం, ఇక్కడ ఇంకొకతె. అలాంటివాళ్ళనూ చూశాను కాబట్టి నమ్మడం తేలికైంది.

పిన్నికి ముందు చెప్పాలన్న ఇంగితం కూడా లేకపోయింది. చెట్టు బొమ్మను రంగులతో తయారుచేసి, బంధువుల గ్రూపులో పెట్టేశాను. కింద గొప్పగా రాశాను: "మన ముత్తాతకు డండీలో భార్య, పిల్లలు. ఇన్నాళ్ళ రహస్యం ఈరోజు బయటపడింది."

నవ్వులు, చప్పట్లు, దండాలు. "తాతయ్య మామూలోడు కాదురోయ్." "రెండు దేశాల అల్లుడు." "మనందరిలో ఉన్నది ఆ రక్తమే, జాగ్రత్త వదినలూ." మొనగాడయ్యాడు ముత్తాత. ఆ నవ్వుల మధ్యలో ఒకడు రాశాడు: "అంటే తాతమ్మని ఉంచుకున్నాడన్నమాట." దాని కిందా నవ్వులే. నేను కాదనలేదు. రెండిళ్ళు నడిపినవాడిని మెచ్చుకున్న నోళ్ళే, సంచులు కుట్టి బిడ్డను పెంచుకున్న మనిషిని ఆ మాట అన్నాయి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మండేవాటిలో నా వేళ్ళు కూడా ఉన్నాయి. ఆ నవ్వులకు దండం బొమ్మ పెట్టిన వేళ్ళవి.

ఆ బొమ్మ బావ వాళ్ళ ఊరు రాజమండ్రి చేరింది. బావ వాళ్ళమ్మగారు చెల్లెలికి ఫోను చేసింది. "ఉంచుకున్నావిడ కూతురి పేరు మా మనవరాలికా అమ్మా? ఇంకేం పేర్లు దొరకలేదా మీకు?"

బారసాల అబూ హమూర్‌లోని ఆ ఇంట్లోనే జరిగింది. పళ్ళెంలో బియ్యం పోసి, బావ ఉంగరంతో పేరు రాశాడు. అది వేరే పేరు. రెండక్షరాలు, ఏ దేశంలోనైనా నోరు తిరుగుతుందట. పిన్ని వంటింట్లోంచి ఇవతలికి రాలేదు. నేను లోపలికి వెళ్ళాను. ఆమె నా వైపు తిరక్కుండానే అడిగింది.

"మా అమ్మమ్మ నీకేటి చేసిందిరా?"

అప్పటికింకా నా రికార్డు నిజమనే అనుకుంటున్నాను. నిజం చెబితే తప్పేమిటన్న పొగరు కూడా లోపల ఎక్కడో ఉంది.

అది దిగిపోయింది మా నాన్నవైపు వాళ్ళ వల్ల. మా నాన్న అన్నదమ్ములందరూ తలో కొడుక్కీ వాళ్ళ నాన్న పేరే పెట్టుకున్నారు. నా ఫోనులో ఆ పేరుతో ముగ్గురున్నారు: బ్యాంకువాడు, హైదరాబాదువాడు, పొట్టివాడు. బ్యాంకువాడి మామగారు పోయారని తెలిసి, పొట్టివాడికి సంతాపం పంపాను. వెంటనే ఫోను.

"ఒరేయ్ అన్నయ్యా, మా మామగారు నా ఎదురుగా కూర్చుని పెసరట్టు తింటున్నార్రా. ఇవ్వమంటావా ఫోను?"

నవ్వాను. నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఒకే తాత పేరు, ఒకే ఇంటిపేరు, ముగ్గురు మనుషులు. తాత పేరు మనవడికి పెట్టడం డండీలో మాత్రం ఉండదా?

ఆ శుక్రవారం భోజనానికి వెళ్ళలేదు. పిలిచినవాళ్ళూ లేరు. క్రెడిట్లు కొని ఆ పేజీలు తెరిచాను. డండీలో పిల్లలు పుట్టిన ఆ తండ్రి మిల్లు మనిషి కాదు, రొట్టెలు కాల్చే బేకరీవాడు. ప్రతి బిడ్డ పేజీలోనూ స్వయంగా వచ్చి సంతకం పెట్టాడు. లీవూ లేదు, ఓడా లేదు. ఉన్న ఊళ్ళోనే ఉన్నాడు. ఇద్దరి తండ్రుల పేజీలూ చదివాక తేలింది: ఆయనా మా ముత్తాతా అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరికీ తాత పేరే. ఎవడో పనిలేనివాడు ఇద్దరినీ ఒకే మనిషిగా అతికించాడు. సంతకం చూడకుండా నేను దాన్ని సైటుకు వదిలాను.

ఆ పేజీల్లో మా ముత్తాత పుట్టుకది కూడా ఉంది. తండ్రి జూట్ మిల్లు మేస్త్రీ. పక్కన తల్లి పేరు. అది మా అమ్మమ్మ పేరే. చివర 'అమ్మ' లేదు, అంతే తేడా. కూతురికి తన కన్నతల్లి పేరు పెట్టుకున్నాడు ఆ మనిషి. ఉంచుకున్నదని మనవాళ్ళు నవ్విన ఆమె బిడ్డకు.

పిన్ని అడిగింది ఇదే. మొదటే ఈ ఒక్క పేజీ తెరిచి ఉంటే సరిపోయేది.

అబూ హమూర్ వెళ్ళి పిన్నికి చూపించాను. ఆమె ఫోనును దగ్గరగా పెట్టుకుని ఆ వంకర చేతిరాతను చాలాసేపు చూసింది. నన్ను చదవమంది. చదివాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోను నా చేతిలో పెట్టింది. "అప్పుడు ఎంతమందికి చెప్పీసినావో, అంతమందికీ చెప్పు."

గ్రూపులో పెట్టాను. మూడు బొటనవేలి బొమ్మలు వచ్చాయి. ఆ వెనకే ఎవరో మామిడిపళ్ళ ఫొటో పెట్టారు. ఒక్కొక్కరికీ ఫోను చేశాను. "పోనిద్దూ, పాత సంగతులు." "ఇప్పుడెందుకు తవ్వడం?" అబద్ధం ఊళ్ళు తిరిగినప్పుడు అది పాత సంగతి కాలేదు. అప్పుడు తవ్వినందుకు చప్పట్లు కొట్టింది వీళ్ళే.

చివరికి బావ ఫోనులో, స్పీకరు పెట్టి, వాళ్ళమ్మగారికి చెప్పాను.

"కాయితం బాగానే ఉంది బాబూ," అందావిడ. "మరి పెళ్ళయినట్టు కాయితమేదీ?"

"అత్తయ్యగారూ, మీ అమ్మమ్మగారి పెళ్ళికి కాయితం ఉందాండీ?"

"మాది అగ్నిసాక్షి పెళ్ళి బాబూ!"

"ఆ అగ్ని ఎక్కడ సంతకం పెట్టిందండీ?"

ఆవిడ ఫోను పెట్టేసింది. బావ మొహం ఎర్రబడింది. "అదేంటండీ బావగారూ, పెద్దావిడతో అలా... అయినా పాప పాస్‌పోర్టు కూడా వచ్చేసిందండీ. ఇంకేం చేస్తాం?"

పాస్‌పోర్టులో పేరు మార్చాలంటే ఉన్న తిప్పలు నాకు తెలుసు. అంతకన్నా, మార్చాలన్న కోరిక ఆ ఇంట్లో పిన్నికి తప్ప ఎవరికీ లేదని కూడా తెలుసు. చెల్లెలు పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడింది. నాకు పిన్ని మీద జాలి వేసింది. నా తప్పును కాస్తయినా పలచన చేసుకోవాలనీ ఉంది.

"పోనీ పిన్నీ, ఇంట్లో ముద్దుపేరుగా అలా పిలుచుకోవచ్చు కదా," అన్నాను.

"మా అమ్మ పేరు దొంగచాటుగా పిలవాలేటిరా?"

ఆ పేరు ఇందులో ఎక్కడా రాయకపోవడానికి కారణం ఆ మాటే. దాన్ని నలుగురిలో పిలిచే హక్కు పిన్నిది. ఆ హక్కును పోగొట్టినవాణ్ణి, ఇంకోసారి నేనే ముందు వాడేస్తే బాగోదు.

మళ్ళీ శుక్రవారాలు వెళ్తున్నాను. పిన్ని అన్నం పెడుతుంది, మాట తక్కువ. పాపకు ఇప్పుడు అడుగులు వస్తున్నాయి. అందరూ ఆ రెండక్షరాల పేరుతో పిలుస్తారు. పిన్ని ఆ పేరు పలకదు, తన తల్లి పేరూ పలకదు.

"పాపా," అంటుంది. అంతే.