చేయని పాపానికి సాక్ష్యం

కల్లు తాగి పరువు పోగొట్టుకున్నవాళ్ళు మా చేవెళ్ళలో ఇంటికొకరు ఉంటారు. మానబోయి పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి. మా మామ మాత్రం ఆ రోజు నవ్వలేదు.

నిజాం కాలపు మాట. నాకు పాతికేళ్ళు, నా బుద్ధికి అందులో సగం. ఒక అంగడి రోజున మా ఇంటిది మార్తమ్మను సరుకుల మూటతో గాజుల దుకాణం ముందు కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని కల్లు దుకాణంలో దూరాను. తిరిగి వస్తుంటే ఏదో మరిచిపోయానని అనుమానం. తడిమి చూసుకుంటే భుజాన తువ్వాలు ఉంది, కాళ్ళకు చెప్పులున్నాయి. అన్నీ ఉన్నాయి కదా అని ఇంటికెళ్ళి పడుకున్నాను. మార్తమ్మ దొరికిన బండెక్కి మొయినాబాదులో పుట్టింటికి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే కబురు పంపింది. అక్కడి ప్రార్థన మందిరంలో ఆదివారం మధ్యాహ్నం తాగుడు మానేవాళ్ళ కూటం జరుగుతుందట. అందులో లేచి సాక్ష్యం చెబితేనే కాపురానికి వస్తుందట.

మూడు రోజులు బింకంగా ఉన్నాను. నాలుగో రోజు నేను వండిన జొన్న సంకటి నేనే తిన్నాక బింకం సడలింది. ఆదివారం తెల్లవారుతూనే బయల్దేరాను.

మొయినాబాదు చేరాక అసలు చిక్కు. తాగుబోతునని ఒప్పుకోకుండా ఆ కూటం ఎక్కడని అడగడమెలా? ఒక దోస్తు కోసమని చెప్పి కిరాణా సేటును మెల్లగా అడిగాను.

"నీ దోస్తు మొఖం అచ్చం నీ లెక్కనే ఉంటదా?" అన్నాడు సేటు.

తర్వాత దయతలచి దారి చెప్పాడు. మొదట పాట వినిపించేది కల్లు దుకాణం, దాన్ని దాటాక పాట వినిపించేది మందిరం, రెండు చోట్లా శ్రుతి ఒకటే కాబట్టి జర చూసి దూరమన్నాడు.

మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళ చివర మార్తమ్మ. మగవాళ్ళ ముందు వరసలో, సంఘ పెద్ద హోదాలో మా మామ. కూటం నడిపే అయ్యగారు బంగారంలాంటి మనిషి. ఎవరేం చెప్పినా నమ్ముతాడు, అదొక్కటే లోపం. ఒక్కొక్కరే లేచి తాగి ఎంత చెడిపోయారో చెప్పాలి, విన్నవాళ్ళు "స్తోత్రం" అనాలి, అదీ అక్కడి పద్ధతి. పాపం ఎంత పెద్దదైతే స్తోత్రం అంత గట్టిది. షాబాద్ ఆయన కాడెద్దును అమ్ముకు తాగానన్నాడు. పైకప్పు అదిరింది. చిల్కూరు ముసలాయన ఎండిన బావిలో పడి రెండు రోజులు అందులోనే పాడుకున్నానన్నాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

నా వంతు వచ్చింది. అంగట్లో పెళ్ళాన్ని మరిచిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకే ఒక్క స్తోత్రం వచ్చింది, అదీ కునికిపాట్లు పడుతున్నాయన దగ్గర్నుంచి. వెనక ఎవరో "గంతేనా?" అన్నారు. మీరే చెప్పండి, రోషం రాదా? ఆ ఎద్దు ముందు, ఆ బావి ముందు నా పాపం పాలుతాగే పాపలా ఉంది.

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. నాకు అతికేది ఒకటి తట్టింది. పోయిన వానాకాలం నాట్లప్పుడు మార్తమ్మ వెండి కడియాలు పొలంలో జారిపోయాయి. ఇద్దరం రెండు రోజులు బురద పిసికినా దొరకలేదు. మట్టిలో కలిసిన సొమ్ము లేచి వచ్చి నన్ను కాదంటుందా?

"ఇంకోటున్నది అయ్యగారూ," అన్నాను గొంతు వణికిస్తూ. "మా ఇంటిదాని కడియాలు నేనే అమ్ముకొని తాగిన. పొలంల పోయినయని దానితోటి ఉత్తగనే బురద దేవులాడిపిచ్చిన."

స్తోత్రం పెంకులు లేచేట్టు వచ్చింది. నేను తల వంచి వినయంగా స్వీకరించాను. తలెత్తేసరికి ఎదురుగా మా మామ.

"ఆ కడియాలు నేను చేయించి పెట్టినయి," అన్నాడు. "నా బిడ్డ ఇగ నీ గడప తొక్కది."

 అంతా అబద్ధం మామా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. పాపం చేశానంటే క్షణంలో నమ్మినవాళ్ళు, చేయలేదంటే ఒక్కరూ నమ్మలేదు. అప్పుడు మార్తమ్మ లేచింది.

"ఆయన అమ్మలే బాపూ. అవి ఈడనే, మనింట్ల జొన్నల గుమ్మిలున్నయి. ఎన్నడన్న అమ్ముకొని తాగుతడని నేనే దాచిన. పోయినయని అబద్ధమాడిన."

దీనికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఈసారి నిజంగానే. మెప్పు కోసం నేను అల్లిన పాపం ఆమె అన్నాళ్ళూ భయపడుతున్న పాపమే. నా మీద ఆమెకున్న నమ్మకం ఎంతో ఆ గుమ్మి లోతే చెప్పింది.

"గిసొంటి అబద్ధాలోని ఎంబడి ఎట్ల పంపాలె బిడ్డా?" అన్నాడు మామ.

"తాగినప్పుడే నయం బాపూ," అంది మార్తమ్మ. "నిజమే చెప్తుండె."

ముందు నవ్వింది అయ్యగారే. నవ్వు ఆపుకుని తీర్పు చెప్పాడు. నాలుగు ఆదివారాలు కూటానికి రావాలి, నోరు మాత్రం విప్పకూడదు. తాగుడు మాన్పించడం తన చేతిలో పనేనట, నా సాక్ష్యం మాన్పించడం దేవుడి వల్ల కూడా కాదేమోనట. నాలుగు వారాలు మూగనోము పట్టాను. అయిదో వారం మార్తమ్మ వచ్చింది. కడియాలు ఇంకో మూడేళ్ళకు వచ్చాయి.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు చేయని పాపాన్ని మళ్ళీ ఒప్పుకోను. చేసినవే ఇంకా సగం చెప్పలేదు.