నూనెలో ఊరిన తూటాలు

2004లో, దసరా మర్నాడు. కొత్తగూడెం బస్టాండు వెనక వీధిలో నాకు తుపాకుల మరమ్మతు దుకాణం ఉండేది. లైసెన్సు ఉన్న దుకాణమే. ఇనుము పని మా అబ్బా, అంటే నాన్న, దగ్గర నేర్చుకున్నాను. బడి మొహం చూడలేదు. అప్పటికి నాకు యాభై ఏళ్లు, ఒక్క అక్షరం రాదు.

పొద్దున పదింటికి ఏన్కూరు వైపు నుంచి పటేల్ వచ్చాడు. పదెకరాల మిరప రైతు. అడవి అంచున ఊరు కాబట్టి తండ్రి కాలం నుంచి ఇంట్లో లైసెన్సు పిస్టల్ ఉంది. తువ్వాలలో చుట్టిన పిస్టల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఉస్తాద్, నీ పని గిట్లనా? పండుగ పూట నా ఇజ్జత్ తీసింది నువ్వు బాగుచేసిచ్చిన పిస్తోలు. నొక్కితే పలకదు."

"ఖాళీ చేసినవా పటేలా?"

"మ్యాగజీన్ తీసి జేబుల ఏసుకున్న. నేనేమన్న చిన్నపిల్లగాన్నా?"

మ్యాగజీన్ అంటే తూటాలు పేర్చే పెట్టె. అది తీశాడు కదా అని నేను కుర్చీలో వెనక్కి వాలాను. అది నా తప్పు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని, చేతిలోకి తీసుకుని చూడకుండా ఎదుటి మనిషి మాట నమ్మాను.

"నిన్న పొద్దుమీకి చేను గట్టు మీద నిలబడి గిట్ల ఎత్తిన," అంటూ అతను పిస్టల్ లేపాడు. "గిట్ల ఘోడా గుంజిన..."

బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగాడు. దాన్నే మేం ఘోడా అంటాం. గొట్టం మూతి చెక్క అడ్డం వైపు ఉంది. ఆ అడ్డం వెనక నా భార్య మెహరున్ కూర్చుని బట్టలు కుడుతోంది. మిషను చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

ఏం ఆలోచించానో ఈనాటికీ తెలియదు. నా ఎడమ చేతిని హ్యామర్‌కీ, అది కొట్టే పిన్నుకీ మధ్య దూర్చాను. అదే క్షణంలో అతను నొక్కాడు. హ్యామర్ వచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దిగింది.

"ఏంది ఉస్తాద్! పాగల్ అయినవా?"

"వేలు తియ్. మాట్లాడకు. వేలు తియ్!"

పిస్టల్ లాక్కుని, మూతిని మూలనున్న ఇసుక డబ్బాలోకి పెట్టి, నా చెయ్యి విడిపించుకున్నాను. అప్పుడు పైనున్న స్లైడును వెనక్కి లాగాను. ఛాంబర్‌లోంచి, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే గూడులోంచి, నిండు తూటా ఎగిరి బల్ల మీద పడి దొర్లింది.

మ్యాగజీన్ తీస్తే పెట్టె ఖాళీ అవుతుంది, గూడు కాదు. పటేల్ మొహంలో నెత్తురు లేదు. మిషను చప్పుడు అట్లాగే సాగుతోంది.

ఇంకా అయిపోలేదు. స్లైడు తెరిచే ఉంచి, వెనక నుంచి గొట్టంలోకి టార్చి వేశాను. అటువైపు వెలుగు రాలేదు. ఇత్తడి కడ్డీ పెట్టి మెల్లగా తడితే, గొట్టం నడుమ ఇరుక్కున్న గుండు, అంటే తూటా కొసనుండే ముక్క, ఒకటి బయటకు వచ్చింది. దాన్ని బల్ల మీద తూటా పక్కన పెట్టాను.

చదివేవాళ్లకు ఇక్కడ కొంచెం చెప్పాలి. తూటా అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. పిన్ను కొడితే అది నిప్పు పుట్టిస్తుంది, ఆ నిప్పుకి మందు అంటుకుంటుంది. బిళ్ల పలకకపోతే మిస్‌ఫైర్. కొన్ని ఆలస్యంగా పేలతాయి కాబట్టి మూతిని ఖాళీ దిక్కుకే పట్టుకుని నిమిషం పాటు కదలకుండా ఉండాలి. బిళ్ల పలికి మందు సరిగా అంటుకోకపోతే గుండు సగం దారిలో ఆగుతుంది. అది స్క్విబ్. దాని వెనక ఇంకొకటి కాలిస్తే గొట్టం చేతిలోనే చీలుతుంది.

"నిన్న ఏమైందో వరుసగ చెప్పు. ఒక్క ముక్క మింగకు," అన్నాను.

"మొదటిది పలకలె. మూతిల కన్ను పెట్టి చూసిన. రెండోది టుస్సుమంది. మూడోది ఎక్కించి నొక్కితే అదీ పలకలె. ఇగ ఇసుగొచ్చి మూట కట్టిన."

"పక్కన ఎవరున్నరు?"

"మా అమ్మ. ఆమెనే కాల్చి చూపియ్యమన్నది."

ఆ మూడో తూటా మంచిదై ఉంటే తల్లీ కొడుకులు ఇద్దరూ ఆ గట్టు మీదనే కూలిపోయేవారు. అదే తూటా ఇప్పుడు నా బల్ల మీద ఉంది, బిళ్ల మీద పిన్ను గుంటతో.

దాన్ని తీసి చూశాను. కంపెనీది కాదు. పటేల్ నసిగాడు. దుకాణంలో తూటాలు లెక్కకే ఇస్తారని, మిలిటరీలో చేసి వచ్చిన తోడల్లుడు పాత కోకాలు, అంటే పేలిన తూటాల ఉత్త తొడుగులు, ఏరి ఇంట్లోనే నింపాడట. మందు కొలత చెంచాతో, అందాజాగా. ముక్కు దగ్గర పెట్టుకుంటే నువ్వుల నూనె వాసన. బిళ్ల చుట్టూ గాడిలో ఎర్రగా కుంకుమ.

"తూటాలకు బొట్టేంది పటేలా?"

"ఆయుధపూజ కాదా! మా అమ్మ గిన్నెల నూనె పోసి నాలుగొద్దులు తూటాలు నానబెట్టింది. తీసి పసుపు కుంకుమ పెట్టింది. నువ్వే గద చెప్పినవ్, నూనె పెట్టుండ్రి, తుప్పు పట్టదని!"

అవ్, నేనే చెప్పాను. పిస్టల్ ఇచ్చిన ప్రతివాడికీ చెప్పే మాట అది. ఇనుముకి చెప్పాను, ఆ తల్లి మామిడికాయ ముక్కల్లాగా తూటాలను ఊరబెట్టింది. కంపెనీ తూటా బిళ్ల చుట్టూ లక్క పూసి ఉంటుంది కాబట్టి తొందరగా చెడదు. ఇంట్లో నింపినదానికి ఆ కాపు లేదు. నూనె లోపలికి ఇంకి రెండింటి బిళ్లలను చంపింది, ఇంకొకదాని మందును ముద్ద చేసింది.

"ఎండల పోస్తె ఆరతయి గదా ఉస్తాద్? దీపావళి పటాకుల లెక్క..."

"నీ తలకాయ ఎండల పెట్టు! జేబుల ఉన్నయి గూడ తియ్, ఒక్కటి నీకియ్య. నడువు స్టేషన్‌కు."

"ఇంట్ల నింపినయని చెప్తె లైసెన్స్ పోతది."

"చెయ్యి పోతె లైసెన్స్ ఏ చేత్తోటి పట్టుకుంటవ్?"

ఇద్దరం వెళ్లి తూటాలన్నీ అప్పగించాం. లైసెన్సు నిజంగానే కొన్ని నెలలు ఆపారు. పటేల్ నన్ను తిట్టుకున్నాడు. తిట్టుకోనీ, రెండు చేతులతో తిట్టుకున్నాడు.

ఆ చలికాలమే పెద్దల చదువు బడిలో చేరాను. నోటి మాట సగమే ఇంటికి చేరుతుందని, మిగతా సగం గోడ మీద ఉండాలని అనిపించింది. నా చేత్తో రాసిన మొదటి బోర్డు: "నూనె పిస్టల్‌కే. తూటాకు వద్దు. గూడు చూడనిదే ఖాళీ అనవద్దు."

మరుసటి దసరా ముందు పటేల్ తల్లిని వెంటపెట్టుకుని వచ్చాడు. ఆమెకూ చదువు రాదు. బోర్డు ఏందని అడిగితే చదివి వినిపించాను. ఆమె నా చేతి మీది మచ్చ వైపు చూసింది, కొడుకు వైపు చూసింది.

"గింతేనా సాయిబూ? గీ ముక్క నిరుడే చెప్పకపోతివా?"