మా జేజి కొంగులో మిగిలిన ముడి

మా చిన్నప్పుడు... జమ్మలమడుగు బస్సు వచ్చే వేళకు మా జేజి చుట్టూ ఇద్దరు ముగ్గురైనా నిలబడి ఉండేవాళ్లు.

జేజి అంటే మా నాయన తల్లి, మార్తమ్మ. మాది పెద్దముడియం దగ్గర పల్లె. వారానికి రెండుసార్లు గంపలో కోడిగుడ్లు, నెయ్యి పెట్టుకుని జమ్మలమడుగు పోయి అమ్ముకొచ్చేది. వాటితో పాటు ఊరివాళ్ల కబుర్లు కూడా మోసేది... కూలీ నాలీ లేకుండా.

ఆమెకు అక్షరం ముక్క రాదు. ఎవరైనా కబురు చెబితే కొంగు చివర ఒక ముడి వేసేది. చెప్పాల్సిన వాళ్లకు చెప్పి, వాళ్ల ఎదుటే ఆ ముడి విప్పేది. అయిదు ముళ్లు పడిన రోజు కూడా ఏది ఎవరిదో తడుముకునేది కాదు. పైగా చెప్పిన మాట చెప్పినట్టే... ఒకటి కలపదు, ఒకటి మింగదు. "మార్తమ్మకు చెప్తే వాళ్ల చెవిలో ఏసినట్టే" అనేవాళ్లు ఊళ్లో. ఆ మాట విన్నప్పుడల్లా నేను రెండు రోజులు నేల మీద నడిచేదాన్ని కాదు.

ఒకసారి బడికి సెలవని నన్నూ వెంట తీసుకుపోయింది. బస్సు కోసం నిలబడి ఉంటే పక్కింటి దావీదు మామ వచ్చాడు, ముఖం కందగడ్డ చేసుకుని. ముందు వారమే వాళ్ల నాయన చనిపోయి ఏడాదైందని జ్ఞాపకార్థ కూటం పెట్టి ఊరందరికీ భోజనాలు పెట్టాడు. అందరూ వచ్చారు... జమ్మలమడుగులో ఉన్న సొంత చెల్లెలు దానమ్మ తప్ప.

"అత్తా, దానమ్మకు చెప్పు. ఇంక నాకు చెల్లెలు లేదని చెప్పు. క్రిస్మస్‌కు గూడా నా గడప తొక్కొద్దని చెప్పు."

"ఇంతేనా?" అంది జేజి.

"ఇంతే."

జేజి కొంగు చివర ముడి వేసింది. నాకు మాత్రం బస్సులో కూర్చున్నా మనసంతా ఆ ముడి మీదే ఉంది. మేం ఎప్పుడు జమ్మలమడుగు పోయినా పిలిచి అన్నం పెట్టే మనిషి దానమ్మ. ఆమెకు ఈ మాట చెబితే ఆ ఇద్దరికీ జన్మలో మాటలుండవు. చెప్పకపోతే మా జేజికున్న పేరు ఏమవుతుంది?

గుడ్లు అమ్ముడుపోయాయి. మిగతా ముళ్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ చివరికి దానమ్మ ఇంటికి చేరాం. ఆమె మంచంలో ఉంది. మోకాళ్లు వాచిపోయి పక్కకు తిరగడానికే మూలుగుతోంది. మమ్మల్ని చూడగానే ఏడుపు అందుకుంది.

"అత్తా, మా అన్న ఏమన్నా అనుకుంటాండాడా? నాయన కూటానికి రాలేకపోతి. మీ పక్కూరాయన బస్సులో కనపడితే, ఇట్లా జరమొచ్చి లేయలేకుండా ఉందని మా ఇంటాయన చెప్పి పంపిచ్చినాడు. చెప్పినాడా లేదా?"

చెప్పలేదు. ఆయన ఎక్కడ మరిచిపోయాడో ఏమో.

జేజి చెయ్యి కొంగు మీదికి పోయింది.

"మీ అన్న ఒక మాట చెప్పినాడు గానీ, అది నీకు చెప్పే పొద్దు ఇంకా రాలేదుమ్మా" అంది. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. గంజి కాచి దగ్గరుండి తాగించింది. విప్పని ముడితో మా జేజి బస్సెక్కడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఊళ్లో దిగాక ఇంటికి కూడా పోలేదు. నేరుగా దావీదు మామ దగ్గరికే. అతను ఎద్దులకు మేత వేస్తున్నాడు.

"చెప్పినావా అత్తా?"

"లేదు నాయనా. ఆ పిల్ల జరంతో మంచం పట్టింది. కూటానికి రాలేనని ఎవరికో చెప్పి పంపితే ఆయన నీకు చెప్పలేదు." అని కొంగు ముందుకు చాపింది. "ఇదో, నీ మాట ఈడ్నే ఉంది. చెప్పమంటే రేపు మళ్లా పోయి చెప్పొస్తా. వద్దనుకుంటే నువ్వే ఇప్పు."

దావీదు మామ చేతిలో గడ్డి కింద పడేశాడు. పొద్దున్నుంచి చెమటకు తడిసి ముడి బిగుసుకుపోయింది. తలెత్తకుండా గోళ్లతో చాలాసేపు తంటాలు పడ్డాడు. విప్పాక ఆ కొంగుతోనే కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు మొదటి బస్సుకే చెల్లెలి దగ్గరికి పోయాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు దానమ్మ పుట్టింట్లో కూర్చుని అరిసెలు వత్తింది... నేనే ఓ నాలుగు తిన్నాను.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో ఉంటున్నాను. కబురు రెప్ప వేసేంతలో పోతుంది. మంచిదే... ఆ రోజు దానమ్మ చేతిలో ఫోను ఉంటే అసలు గొడవే వచ్చేది కాదు, ఒప్పుకుంటాను. కానీ దావీదు మామ చేతిలో కూడా ఉండేది కదా... ఆ మాట నిమిషంలో చేరిపోయేది. మధ్యలో మార్తమ్మ ఉండేది కాదు.

మొన్న మా కొత్తింట్లో ప్రార్థన పెట్టుకున్నాం. పులివెందులలో చీనీ (బత్తాయి) తోట చూసుకునే మా తమ్ముడు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఒళ్లు మండి, ఇంటి గ్రూపులో అందరూ చదివేలా టైపు చేశాను... ఇంక నాకు తమ్ముడు లేడనుకుంటానని. తీరా పంపబోతే వేలు కదల్లేదు. ఫోను పక్కన పెట్టి, కొంగు చివర ఒక ముడి వేసుకున్నాను.

ఇదంతా పులివెందుల బస్సులో కూర్చుని రాస్తున్నాను. ఎర్రగుంట్ల దాటాం. ఆ మెసేజ్ ఇంకా ఫోనులోనే ఉంది. చదువురాని మా జేజికి తెలిసిన పని, డిగ్రీ చదివిన నాకు ఇన్నేళ్లకు గుర్తొచ్చింది. ఆలస్యమైనా, మార్తమ్మ మనవరాలినే కదా...

మీ ఊళ్లో కబుర్లు ఎవరు మోసేవాళ్లు? వాళ్ల పేరైనా కింద రాయండి. రాత్రికి తీరిగ్గా చదువుకుంటాను... ముందు మా తమ్ముడి ఇంట్లో కూర్చుని, వాడెందుకు రాలేదో విని, ఈ ముడి విప్పుకోవాలి.