పిన్నిగారి వాయిదాలు

ఫిర్యాదు కాగితం మీద నేను రాసిన మొదటి వాక్యం ఇది: "మా ఎదురింటి పిన్నిగారు తమ ఇంట్లో ఆడవాళ్లను పెట్టుకుని పాడు వ్యాపారం చేయిస్తున్నారు." చూశారా మర్యాద! ఒకావిడను జైల్లో పెట్టమని రాస్తూ కూడా గారూ, తమరూ. రేపల్లెలో పుట్టి పెరిగిన నోటికి పెద్దావిడ కనబడితే పిన్నిగారే వస్తుంది, చేతికీ అదే వచ్చింది. వీధి మొత్తం ఆవిడను అలాగే పిలిచేది. ఆ ఒక్క మాట మూడేళ్లు నా పీక పట్టుకుంటుందని ఎవరు కలగన్నారు?

అప్పట్లో నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. ఆ ఇంట్లోంచి ఒకమ్మాయి కొలతలివ్వడానికి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. టేపు చుడుతుంటే వీపు మీద వాతలు కనిపించాయి.

"ఏంటమ్మా ఇవి?" అన్నాను.

"అక్కా, నన్ను ఇక్కణ్ణుంచి ఎలాగైనా బయటపడెయ్యండి," అంది.

ఆ సాయంత్రమే స్టేషన్‌కెళ్లి కాగితం ఇచ్చాను. పోలీసులు వచ్చారు, పిన్నిగారిని తీసుకెళ్లారు, అమ్మాయిని ప్రభుత్వ హోమ్‌లో పెట్టారు. వారం తిరక్కుండా పిన్నిగారు బెయిల్ మీద వచ్చి వాకిట్లో ముగ్గేసుకుంటోంది. అమ్మాయి మాత్రం సాక్ష్యం చెప్పేదాకా హోమ్‌లోనే ఉండాలట. కొట్టినావిడ బయట, దెబ్బలు తిన్న పిల్ల లోపల! ఇదెక్కడి చోద్యమో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక వాయిదాలు మొదలయ్యాయి. మొదట పిన్నిగారికి బీపీ. తర్వాత లాయరుగారికి జ్వరం. జ్వరం తగ్గేసరికి లాయరునే మార్చేసింది. కొత్తాయన కాగితాలు చదువుకోవాలన్నాడు. చదివాక, సొంత ఊళ్లో అందరూ ఆవిడ మీద కక్షగట్టారు కాబట్టి కేసు తెనాలికి మార్చాలని పిటిషన్ వేశాడు. ఈలోగా మా ఆయనకు బాపట్ల బదిలీ అయింది. ఇక వాయిదా వచ్చినప్పుడల్లా నేను బాపట్లలో పొద్దున్నే రైలెక్కడం, తెనాలిలో దిగి కాళ్లు పీక్కుపోయేలా కోర్టు వరండాలో నిలబడటం, మళ్లీ రైలెక్కడం. పిన్నిగారు దర్జాగా బల్ల మీద కూర్చుని, క్యారియర్ విప్పి పులిహోర తినేది. "ఎండనపడి వచ్చావు, రెండు ముద్దలు తినవే," అని నన్నూ పిలిచేది. ఒళ్లు మండిపోయేది నాకు.

హోమ్ వ్యానులో ఆ అమ్మాయినీ తెచ్చేవాళ్లు. "ఇవాళైనా అయిపోతుందా అక్కా?" అనేది. "అయిపోతుందమ్మా," అనేదాన్ని, సిగ్గులేకుండా.

చివరికి నన్ను బోనెక్కించారు. పిన్నిగారి లాయరు నా ఫిర్యాదు కాగితం పట్టుకుని నవ్వాడు.

"పిన్నిగారు అని రాశారు. మీ అమ్మగారి చెల్లెలా?"

"కాదండి."

"మీ బాబాయిగారి భార్యా?"

"కాదండి. వరసకి."

"ఏ వరసకి?"

"ఏ వరసా లేదండి, ఊరికే పిలుస్తాం."

"ఊరికే ఎవరైనా పిన్ని అయిపోతారా అమ్మా?"

అందరూ నవ్వారు. ఆ మహానుభావుడే అరగంట క్రితం వరండాలో నన్ను "చెల్లెమ్మా, కాస్త జరుగు" అన్నాడు! ఇది కుటుంబ తగాదా అట, ఆస్తి కోసం పెట్టిన దొంగ కేసట, చుట్టరికం తేల్చే కాగితాలు తెప్పించాలట, అందుకు గడువు కావాలట. దొరికింది. లేని చుట్టరికం లేదని కాగితం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అది వచ్చాక అమ్మాయి వంతు. పిన్నిగారిని చూపించి, "ఈవిడ నీకేమవుతారు?" అని అడిగాడు లాయరు.

"పిన్నండి."

"నిన్నేమైనా బాధ పెట్టారా?"

"లేదండి. బాగానే చూసుకున్నారు."

తర్వాతి వాయిదాకే కేసు కొట్టేశారు. మూడేళ్లలో ఎన్నడూ లేని చురుకు!

ఆ రోజు అమ్మాయి సంచీతో వరండాలో నిలబడి ఉంది. హోమ్ వాళ్లు ఇక ఎక్కడికైనా వెళ్లొచ్చన్నారట. "ఎందుకే అలా చెప్పావ్?" అని మీద పడ్డాను.

"ఎన్నాళ్లుండను అక్కా ఆ గోడల మధ్య? అలా చెబితే అయిపోతుందన్నారు. అయిపోయింది." సంచీ కింద పెట్టి, "మీతో బాపట్ల రానా? కుట్టు నేర్చుకుంటాను," అంది.

రమ్మనాలి. మూడేళ్లు నేను తిరిగింది అందుకేగా! కానీ మాకున్నవి రెండు గదులు. మా ఆయన ఏమంటాడో, ఇంటివాళ్లు ఏమంటారో, పక్కింటివాళ్లు ఎవరని అడిగితే ఏం చెప్పాలో!

"ఒక్క రెండు వారాలాగమ్మా. మా ఆయన్ని అడిగి చెప్తాను," అన్నాను.

"మీరూ వాయిదానేనా అక్కా," అంది. కోపంగా కూడా అనలేదు.

గేటు బయట ఆటోలోంచి పిన్నిగారు కేకేసింది. "రావే తల్లీ, ఎండలో ఎంతసేపు నిలబడతావు?"

అమ్మాయి సంచీ ఎత్తుకుని వెళ్లి ఎక్కింది. నేను ఆపలేదు. నా రైలుకు టైమైంది.