చప్పుడు లేని ఇంజన్

శ్రీశైలం డ్యాం వెనక నీళ్లలో జనాన్ని అవతలి గట్టుకు దాటించే ప్రేమయ్య, పొద్దున్నే పడవ పలకలను వేలి కణుపులతో తట్టి చూస్తాడు. మెత్తగా పలికిన చోట తారు పూస్తాడు. ఆ పడవలో ఇప్పుడు చెక్క కన్నా తారే ఎక్కువ. వెనక తగిలించిన ఇంజన్ కూడా ముసలిదే. దాని మోతలో ఎవరి మాటా వినపడదు కాబట్టి, ఎవరేమన్నా సరేనన్నట్టు తల ఊపుతాడు. అతని భార్య జ్ఞానమణి చేపల గంపతో ముందు కూర్చుని, ఎక్కింది మొదలు దిగేదాకా పెదవులు కదుపుతూనే ఉంటుంది. తనను తిడుతోందని అతని నమ్మకం. దానికీ తల ఊపుతాడు.

ఈ పడవకు కొత్త ఇంజన్ పెట్టాలా వద్దా అని ఎండాకాలమంతా ఆలోచించాడు. చివరికి కర్నూలులో ఇంజన్లమ్మే హనుమేష్ ఒకటి తెచ్చి, "నడిపి చూడప్పా, నచ్చితేనే తీసుకో" అని బిగించి గట్టున కూర్చున్నాడు. అది కుట్టుమిషన్ కన్నా మెల్లగా మోగింది. అవతలి నుంచి జ్ఞానమణిని ఎక్కించుకుని వస్తుంటే, నది నడుమ ఆమె గొంతు మొదటిసారి వినపడింది.

"ప్రభువా, ఈ పుచ్చిన పడవను ఈ పొద్దు కూడా గట్టు చేర్చు తండ్రీ. ఈయనకు చెప్తే తల ఊపుతాడే గాని ఇనడు."

అలవాటుగా ప్రేమయ్య తల ఊపాడు. గట్టు చేరాక తనే ఇంజన్ విప్పి హనుమేష్ చేతికిచ్చాడు.

"ఏమప్పా, బాగలేదా?"

"శానా బాగుండాది. ముందు పడవ మార్చాల."

జ్ఞానమణి గంప ఎత్తుకుంటూ ఏదో గొణిగింది. ప్రేమయ్య తల ఊపబోయి ఆగాడు.

"ఏమంటివి?" అన్నాడు.