అరువు తెచ్చిన అన్నం

మొన్న మా మనవరాలు తన ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఎవరో ఒక ముసలామెకు బియ్యం సంచి ఇస్తున్నారట; ఆ ఒక్క సంచిని పట్టుకున్న చేతులు తొమ్మిది లెక్కపెట్టాను, అందులో ఆమె చేతులు లేనే లేవు. ఇచ్చినవాళ్లందరూ పళ్లికిలిస్తున్నారు, ఆమె మాత్రం నేల చూస్తోంది. గోరంత దానానికి కొండంత డప్పు కొట్టుకునే ఈ జాతి ఇవాళ కొత్తగా పుట్టింది కాదని, వీళ్ల తాతల్ని నేను బెంగాల్లో ఖరగ్‌పూర్‌లో ఉన్నప్పుడే ఎరుగుదునని చెబితే పిల్ల నమ్మలేదు.

ఎనభైల్లో నాకు ఆ ఊళ్లోని ఝపటాపూర్ పేటలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లూ పాస్‌పోర్టు సైజులూ తీసుకుని బతికే నన్ను, పేదలకు నెలనెలా బియ్యం పప్పు ఇస్తామని పక్కనే ఇందా పేటలో బయల్దేరిన ఒక సేవాసంఘం వాళ్లు పిలిపించారు. తిండికి లేని కుటుంబాలను వాళ్ల ఇళ్లకే వెళ్లి ఫోటో తీస్తే, అవి చూసి సాయం ఎవరికన్నది తేలుస్తారట. కార్యదర్శి గారు మన తెలుగాయనే, చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. అనుమతి లేకుండా తీయకూడదు, ఏడిపించి తీయకూడదు, వాళ్లకెలా కూర్చోవాలనిపిస్తే అలాగే గౌరవంగా తీయాలి అంటూ అరగంట ఉపదేశం చేశారు. నిజం చెప్పొద్దూ, ఆ మాటలకు పొంగిపోయాను.

వాళ్లిచ్చిన పేర్ల జాబితాలో నాకు వదిన వరసయ్యే ఆవిడ ఉంది, మా శ్రీకాకుళం వైపు మనిషే. రైల్వే వర్క్‌షాపులో రోజుకూలీ చేసే ఆమె పెనిమిటి చెయ్యి విరిగి మంచాన పడ్డాక, ముగ్గురు పిల్లలకు ఒకపూట గంజి దొరకడమే గొప్పగా ఉండేది. తీరా నేను వెళ్లేసరికి ఆ పిల్లలు తలలు దువ్వుకుని, పౌడరు రాసుకుని, కంచాల నిండా అన్నం పప్పు ముందు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఆ అన్నం పక్కింటి క్రైస్తవులావిడది. డ్యూటీ దిగి వచ్చే మొగుడికీ తన పిల్లలకీ వండుకున్నది, ఫోటో కోసమని కాసేపు అరువిచ్చింది. ఇదేమిటి వదినా అంటే, “ఫోటో అంటే పదికాలాలుండేది మరిదీ, ఖాళీ కంచాల ముందు నా పిల్లల్ని కూకోబెడతానేటి?” అంది.

తీశాను. ఒక్క మెతుకు ముట్టకుండా ముగ్గురూ కెమెరా వైపే చూశారు. ఫ్లాష్ వెలిగి ఆరిందో లేదో, వదిన కంచాల్లో అన్నాన్ని తిరిగి పక్కింటి గిన్నెలోకి ఒంపడం మొదలుపెట్టింది.

“అమా, ఫోటో అయిపోనాది కదా, ఇప్పుడు తినొచ్చా?” అంది ఆఖరి పిల్ల.

నా చెయ్యి దానంతటదే కెమెరా మీదికి పోయింది. “ఇది మాత్రం తియ్యకు మరిదీ,” అంది వదిన, నా వైపు చూడకుండానే. తియ్యలేదు.

కార్యదర్శి గారు ఆ ఫోటో చూసి, వీళ్లకేం లోటండీ, శుభ్రంగా తింటున్నారు అని పేరు కొట్టేశారు. అది అరువన్నమని మొత్తుకుంటే, మరి తిరిగి ఇచ్చేస్తున్న ఫోటో ఏదని అడిగారు. గౌరవంగా తియ్యమన్నదీ ఆయనే, గౌరవంగా ఉన్నారని బియ్యం ఎగ్గొట్టిందీ ఆయనే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అన్న సామెత ఇలాంటి పెద్దమనుషుల్ని చూసే పుట్టి ఉంటుంది. ఆ మనిషంటే నాకు ఇప్పటికీ రోతే. ఆ ఏడాది వాళ్లు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్న సభకు ఫోటోలు తీసింది మాత్రం నేనే, కాబట్టి ఆ రోతలో నా వాటా నాకుంది.

తొంభైల చివర్లో ఒకసారి ఆ ఊళ్లోనే కాలేజీ పక్కనున్న ప్రేమ్ బజార్ వెళితే ఆ ఆఖరి పిల్ల కనిపించింది. పెళ్లయి, కాలేజీ కుర్రాళ్లకు భోజనాలు పెట్టే చిన్న మెస్ నడుపుతోంది. వదిన అప్పటికే పోయింది. గల్లాపెట్టె పైన గోడకు అదే ఫోటో, అద్దం కట్టించి.

“సూసినావా చిన్నాన్నా, నువ్వు తీసిందే. ఎంత లేకపోయినా మాయమ్మ మాకు కంచం నిండా పెట్టీది,” అని మురిసిపోతూ నాకు అన్నం వడ్డించింది. నేను తలవంచుకుని తిన్నాను.

వదిన చెప్పినట్టే ఆ ఫోటో పదికాలాలుంది. ఆ రోజుల్లో, మాటవరసకైనా, నువ్వెలా కూర్చుంటావని అడిగేవారు. ఇప్పుడు ఆ అడగడం కూడా పోయింది. ఫోన్‌లోని ఆ ముసలామెకూ మనవలుండే ఉంటారు. తలొంచుకున్న ఆ నాయనమ్మను వాళ్లు ఏ గోడకు తగిలించుకుంటారు?