నేను ఖాళీ చేయించిన గ్రూపు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తీసేసరికి, ఊరంతా మాట్లాడుకునే ఆ పచ్చరంగు యాప్‌లో మళ్లీ ఒక నోటీసు అడ్డం వచ్చి కూర్చుంది. షరతులు మారాయి, చదివి ఒప్పుకోండి అని. నేను కళ్లజోడు వెతుక్కునేలోపే మా అమ్మాయి ఇంట్లో అందరి ఫోన్లూ వేరే యాప్‌లోకి మార్చేద్దామని బయలుదేరింది. ఇందులో ఉంటే మన మాటలకు చాటు లేకుండా పోతుందని దాని భయం. మా ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "మనం మాట్లాడేది ఎవడింటడే? పొద్దున లేస్తె ఏం కూర వండినవ్ అని అడుగుడే గద! ఇననీ, వాడు గూడ ఇంత వంట నేర్చుకుంటడు" అన్నది. అందరూ నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇలాంటి నోటీసే కొన్నేళ్ల కింద వచ్చినప్పుడు నేను చేసిన పని ఒకటి ఉంది. గద్వాలలో, రాజోలిలో, అమరచింతలో మగ్గం పట్టిన చాలామందికి ఆ సంగతి తెలుసు, కానీ వాళ్లకు తెలిసింది నిజం కాదు. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

మాది గద్వాల. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెంటినీ నేతలోనే ఒకదానిలో ఒకటి చిక్కించి కలపడం తాతల నాటి నుంచి మా ఇంటి పని. నా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మగ్గం ఉన్న ఇంట్లోకి ఎవరుపడితే వాళ్లు నేరుగా వచ్చేవారు కారు. మా నాయన కొత్త అంచు మొదలుపెట్టాడంటే నేసిన మేరకు పాత పంచె కప్పేవాడు. వీధిలోంచి ఎవరు పిలిచినా అమ్మ గడప దగ్గరే మంచినీళ్లిచ్చి నిలబెట్టేది, నాయనే కాళ్లు దింపుకుని నేసే మగ్గం గుంటలోంచి లేచి బయటికి వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. మొదటి చీర కోసి, అమ్మ దానికి పసుపు బొట్టు పెట్టాకే పైవాళ్లు చూడాలి. ఎవరూ దీన్ని తప్పుపట్టేవారు కారు, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ అదే మర్యాద. ఇంకొక అలవాటు కూడా ఉండేది. పడుగు చివర్లో మిగిలిన కాస్త దారం మీద నాయన ఆ అంచునే జానెడు నేసి, ముక్క కత్తిరించి పెట్టెలో వేసేవాడు. అమ్మినదంతా ఊళ్లవెంట పోతుంది, ఇంట్లో మన పనికి మనకొక గుర్తు ఉండాలనేవాడు. పిల్లలం ఆ పెట్టె తెరిస్తే నాఫ్తలిన్ గోళీల వాసనా, గంజి వాసనా కలిసి వచ్చేవి. ఇప్పుడు ఆ రెండూ కలిసిన వాసన ఎక్కడా దొరకదు.

ఆ మగ్గం మీదే నాతోపాటు పని నేర్చుకున్నాడు మా బావ. మా మేనత్త కొడుకు, తర్వాత మా అక్కను చేసుకుని అమరచింతలో ఇల్లు పెట్టాడు. నాకంటే పెద్దవాడు, చేయి నాకంటే మెత్తన. పట్టూ నూలూ కలిసే చోట నా నేతలో సన్నటి ముడత పడేది, ఆయన నేతలో వేలితో తడిమినా అతుకు తెలిసేది కాదు. నాయన బావ నేత చూసి ఏమీ అనేవాడు కాదు, నాది చూసే ఏదో ఒకటి అనేవాడు. మెచ్చుకోలు ఎటుందో నాకు అర్థమయ్యేది.

నాయన పోయాక, ఫోన్లు వచ్చాక, బంధువుల్లో యాప్‌లూ అవీ ముందు పట్టుబడింది నాకే కాబట్టి మగ్గాలవాళ్లకు పచ్చ యాప్‌లో ఒక గ్రూపు పెట్టాను. రంగు ఎక్కడ మంచిది దొరుకుతోంది, పట్టు ఎవరి దగ్గర బాగుంది, ఎవరింట్లో పెళ్లి, అన్నీ అందులోనే. నన్ను అందరూ ఫోన్ల పండితుడని పిలిచేవారు. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఆ రోజుల్లోనే నేను కొత్త అంచు ఒకటి గీయించాను. గద్వాల అంచుకు పాతకాలం నుంచీ ఉన్న కోటకొమ్మల మధ్య, కృష్ణలో దొరికే చేపపిల్లల్లాంటివి ఎదురెదురుగా ఈదుతున్నట్టు. మొదటి చీరలో, మగ్గానికి బొమ్మ అందించే చిల్లుల అట్టల్లో ఒక చిల్లు తప్పి, ఒక వరస చేపలకు కన్ను పడలేదు. రెండో చీర బావ మగ్గం మీద వేయాలని మా ఒప్పందం. రంగులు చూసుకోవడానికి మొదటి చీర అంచు ఫోటో తీసి ఆయనకు పంపాను. పంపేటప్పుడు ఫోన్ ఎవరికి అని పేర్ల వరస చూపింది, అన్నిటికంటే పైన నా మొహమే ఉన్న గుండ్రటి బొమ్మ ఉంది. బావ పేరు నొక్కి, దాన్నీ నొక్కాను. మా ఇంట్లో ప్రతి కొత్త అంచుకూ ఒక ముక్క మనకోసం పెట్టెలో వేసుకునే అలవాటు కదా, ఇది కూడా నా దగ్గర ఒక కాపీ ఉంచుకోవడానికేనని అనుకున్నాను. మళ్లీ దాని గురించి ఆలోచించలేదు.

కొన్ని నెలలకు కొల్లాపూర్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. మామిడికాయల కాలం, పందిరి వెనక తోటలోంచి పచ్చికాయల వాసన వస్తోంది. భోజనాల దగ్గర ఒకావిడ నా అంచు కట్టుకుని వడ్డిస్తోంది. నాది కాదు, మిల్లు చీర, కానీ కోటకొమ్మల మధ్య చేపలు అవే. దగ్గరికి వచ్చినప్పుడు చూశాను, ఒక వరసకు కళ్లు లేవు. నా తప్పును కూడా విడిచిపెట్టకుండా అచ్చు దించారు. ఎక్కడ కొన్నారమ్మా అంటే నాగర్‌కర్నూల్‌లో కుప్పలుగా ఉన్నాయని చెప్పింది. ఆ వరస ఉన్న చీర ఇంకా మా ఇల్లు దాటలేదు, దాని ఫోటో నేను బావకు తప్ప ఎవరికీ పంపలేదు. విస్తరి ముందు నుంచి లేచేసరికే నా మనసులో తీర్పు అయిపోయింది.

సరిగ్గా ఆ వారమే ఆ నోటీసు వచ్చింది. యాప్‌వాళ్లు మన మాటలన్నీ చూస్తారట, ఫోటోలు ఎవరికో ఇస్తారట అని ఊరంతా ఒకటే పరేషాన్. నేను గ్రూపులో పెద్ద మెసేజ్ రాశాను. ఇక్కడ మన డిజైన్లకు చాటు లేదు, అందరం నీలి యాప్‌కు మారదాం, అది భద్రం అన్నాను. అంతటితో ఆగి ఉంటే ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు. అసలు దొంగ యాప్‌లో లేడు, మనలోనే ఉన్నాడు అని కింద బావ పేరు పెట్టి రాశాను. నమ్మకమైనవాళ్లనే కొత్త గ్రూపులో చేర్చుకుంటానని చెప్పి, పాతదాంట్లోంచి బయటికి వచ్చేశాను. ఒక్కొక్కరే నా వెంట వచ్చారు. బావను నేను చేర్చలేదు. ఆయన ఒక్క మాట జవాబు రాయలేదు, ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద లెక్కవేసుకున్నాను.

తర్వాత ఏమైందంటే, పడుగూ పట్టూ ఇచ్చి నేయించుకునే షావుకార్లు బావ మగ్గానికి కొత్త అంచులు ఇవ్వడం మానేశారు. పాతవే వేయమన్నారు, కొన్నాళ్లకు అవీ తగ్గాయి. ఆయన మగ్గం గుంట మీద పలకలు పరిచి, వాటి మీద వడ్ల బస్తాలు పెట్టి, ఆత్మకూరులో ఒక బట్టల దుకాణంలో పనికి చేరాడు. ఆడవాళ్లు విప్పి చూసి వద్దన్న చీరలు మళ్లీ మడత పెట్టడం ఆయన పని.

ఒక ఏడాది తర్వాత మా చిన్నమ్మ కూతురు నాగర్‌కర్నూల్ నుంచి మా ఇంటికి వచ్చింది. కూతురి ఫంక్షన్‌కు చీర కావాలని ఫోన్ తీసి, ఇట్లాంటి అంచు కావాలని చూపింది. కళ్లు లేని చేపలు. ఇది నీకెక్కడిదని అడిగాను. "నన్నడుగుతున్నవేందన్నా? నువ్వే స్టేటస్ల పెట్టినవ్ గద! మంచిగున్నదని దాసుకున్న" అన్నది. ఆ గుండ్రటి బొమ్మ నొక్కితే, నా నంబరు దాచుకున్న ప్రతివాడికీ ఒక రోజంతా కనిపిస్తుందని అప్పుడు తెలిసింది. వాళ్లలో నాగర్‌కర్నూల్, వనపర్తి దుకాణాలవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకే తెలియదు. నేనే మగ్గం మీది పంచె తీసి, అంచును వీధిలో పెట్టాను.

ఆ రోజే బస్సు ఎక్కి ఉండవలసింది. ఎక్కలేదు. పండితుడికి ఆ మాత్రం తెలియదా అంటారని సిగ్గు, అయిపోయిందేదో అయిపోయింది కదా అనే సాకు. అక్క ఇంటికి పండక్కీ పబ్బానికీ వెళ్తూనే ఉన్నాను, ఆమె పెట్టింది తిని వస్తూనే ఉన్నాను. గిరాకీలు పచ్చ యాప్‌లోనే ఉన్నారని కొన్నాళ్లకు నేనే మళ్లీ అందులోకి వచ్చాను కూడా. అలా ఏళ్లు గడిచాయి.

మొన్నటి నోటీసు చూశాక మాత్రం ఇంట్లో కూర్చోలేకపోయాను. బావ పనిచేసే దుకాణానికి సెలవున్న రోజు చూసుకుని, జూరాల కట్ట మీదుగా అమరచింత వెళ్లాను. అక్క నన్ను చూసి, "ఏంరా తమ్మీ, మొఖం గట్లున్నది? పానం బాగలేదా?" అన్నది. బావ బస్తాల పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన విని, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

"ఆ ఫోటో నీ స్టేటస్ల అందరికంటె ముందు జూసింది నేనేరా" అన్నాడు.

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు ఫోన్ల పండితునివి గద, ఆర్డర్లొస్తయని కావాల్నే పెట్టినవనుకున్న. ఎనుక నన్ను దొంగను జేసినంక జెప్తె ఏమైతుండె? నలుగురి ముందల నువ్వు అబద్ధాలోడివన్న గావాలె, నేనన్న గావాలె. మీ అక్క ఎటు దిక్కు నిలవడాలె?"

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టిన ప్రతిసారీ ఆమెకు ఈ సంగతి తెలుసన్నమాట. మాఫ్ చెయ్యి బావా అన్నాను.

"నాతోని జెప్తె ఏమొస్తది, నాకు తెలిసిందే గద. తెల్వనోళ్లకు జెప్పు. యాడ అన్నవో గాడనే జెప్పు" అన్నాడు.

నేను ఆ గ్రూపులోంచి ఎప్పుడో వెళ్లిపోయానన్నాను. ఆయన తన ఫోన్ తీసి చూపించాడు. ఆ గ్రూపు ఇంకా ఉంది. నేను రాసిన మెసేజ్ కిందే, వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి. లోపల బావతోపాటు కొన్ని పేర్లే మిగిలాయి. గ్రూపు పెట్టినవాడు వదిలేసి పోతే ఉన్నవాళ్లలో ఎవరికో ఒకరికి ఆ పెత్తనం దానంతటదే వెళ్తుందట. బావ పేరు పక్కన అడ్మిన్ అని ఉంది. "నువ్వు పోయిన దినమే గీ ఫోన్ నన్ను పెద్దమనిషిని జేసింది. పెద్దమనిషినే గని, మాట ఇనెటందుకు మనుషులు లేరు" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉంది, లేదని అబద్ధం చెప్పను. నన్ను మళ్లీ చేర్చింది ఆయనే.

అక్కడే కూర్చుని రాశాను. మా బావ ఏ తప్పూ చేయలేదని మొదలుపెడితే, ఆయన నా భుజం మీదుగా చూసి, "పేరు రాయి. దొంగ అన్ననాడు పేరు వెట్టే రాసినవ్" అన్నాడు. పేరు రాశాను. రాజోలి పెద్దాయన ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. ఇంకొకరు, నా పేరే గుర్తుపట్టక, నువ్వెవరు అని అడిగారు. నీలి యాప్‌లోని గ్రూపులోనూ పెట్టాను కానీ అది చల్లారిపోయి చాలాకాలమైంది. గద్వాలలో, రాజోలిలో ఇళ్లకు వెళ్లి చెప్పగలిగినవాళ్లకు చెప్పాను. ఒక షావుకారు బావకు కొత్త అంచు ఇస్తానన్నాడు. ఆ మాట చేరవేస్తే, జర ఆలోచిస్తా అన్నాడు బావ. బస్తాలు ఇంకా పలకల మీదే ఉన్నాయి.

మా చిన్నప్పుడు మగ్గాల వీధిలో నోరు జారినవాడు ఆ వీధిలోనే, ఆ మనుషుల ముందే దాన్ని వెనక్కి తీసుకునేవాడు. విన్నవాళ్లు ఎక్కడికీ పోయేవారు కారు, తెల్లవారితే మళ్లీ అవే అరుగుల మీద ఉండేవారు. ఇప్పుడు చెడ్డమాట ఒక గ్రూపులో పుడుతుంది, విన్నవాళ్లు మూడు యాప్‌లకూ నాలుగు ఊళ్లకూ చెదిరిపోతారు, నంబర్లు మారిపోతాయి. భద్రమైన చోటు కోసం తిరిగిన మాకు, మాట దిద్దుకోవడానికి అందరం కలిసి ఉండే చోటు లేకుండా పోయింది.

రోజూ ఒకసారి ఆ మెసేజ్ తీసి ఎవరెవరు చదివారో చూసుకుంటున్నాను. కొన్ని పేర్ల దగ్గర అది ఇంకా చేరను కూడా చేరలేదు. వాళ్లంతా ఆ రోజు నా మాట నమ్మి, గ్రూపులో పేరు అలాగే ఉండగా ఫోన్లోంచి ఆ యాప్ తీసేసినవాళ్లు.